వైఫైకి తాళం వేసిన మావయ్య

మా మావయ్య పోయారన్న కబురు నాకు వెనక గదిలో అందింది. ఆసుపత్రి నుంచి మా ఆయన వాట్సాప్‌లో ఫోను చేశారు. "నాన్న ఇక లేరు" అన్న ఒక్క మాట అని, ఫోను పెట్టేయకుండా లైన్లోనే ఉన్నారు. ఆయన ముక్కు ఎగపీల్చడం కూడా నా చెవికి స్పష్టంగా వినిపించింది. ఒకప్పుడు ఆ గదిలో ఫోను మోగేదే కాదు. మోగినా, "హలో హలో" అని అరుస్తూ పెరట్లోకి పరిగెత్తాల్సి వచ్చేది. ఆ గదిలోకి మాట తెగకుండా వచ్చే దారి వేసింది మావయ్యే. ఆయన పోయిన కబురు కూడా ఆ దారినే వచ్చింది. ఏడుపు కంటే ముందు నాకు తట్టిన ఆలోచన ఇదే.

మావయ్య అంటే మా ఆయన తండ్రి. శ్రీకాకుళం పక్క పల్లె నుంచి, మీసం సరిగ్గా రాని వయసులో భిలాయి వచ్చి, ఉక్కు కర్మాగారంలో చేరారు. ఇనుప రేకులు కోసి, వంచి, అతికే పని. రిటైరయ్యేదాకా అదే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు అందరూ వాడే పెద్ద పెద్ద మాటలు నా వల్ల కాదు. ఆయన టీలో పంచదార తగ్గితే అలిగేవారు. టీవీ రిమోటు జేబులో పెట్టుకుని నిద్రపోయేవారు. వార్తలు వీధి చివరి దాకా వినిపించేంత గట్టిగా పెట్టేవారు. నేనూ తక్కువ తినలేదు, కోపం వస్తే గిన్నెలు గట్టిగా పెట్టే రకాన్ని. మా ఇద్దరికీ రోజూ ఏదో ఒక చిన్న తగువు ఉండేది. అయినా ఆయన నాకు చేసినది మా నాన్న కూడా చేసి ఉండరు. అది చెప్పకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

భిలాయిలో ఖుర్సీపార్ పేటలో ఉన్న మా ఇల్లు మీరొకసారి చూడాలి. మంచాలు, కుర్చీలు, కిటికీలు, వంటింటి అరలు, దేవుడి మందిరం, చివరికి తులసి కోట చుట్టూ ఉన్న కంచె కూడా ఇనుమే. అన్నీ మావయ్య చేత్తో చేసినవే. విజయనగరం నుంచి కొత్త కోడలిగా వచ్చి కుడికాలు లోపల పెట్టబోతుంటే, "అమ్మా, సూసుకో, కాలు కొట్టుకుంటాది" అన్నారు. ఆయన నాతో అన్న మొదటి మాట అది. కిందికి చూస్తే గడప కూడా ఇనుపదే. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉన్నాయి.

"చెక్కకి చెద పడతాది. మనిసికి జబ్బు సేత్తాది. ఇనుముకి ఏడాదికోపాలి రంగేసి సూడు, మనకంటే ముందర పోదు" అనేవారు. ఏ వస్తువు కనిపించినా వేలి కణుపుతో కొట్టి, ఆ చప్పుడు వినడం ఆయనకు అలవాటు. పెళ్ళిళ్ళకి వెళ్తే వంట గుండిగలు కూడా కొట్టి చూసేవారు. అత్తయ్య నెత్తి కొట్టుకునేవారు. "ఈ ఇంట్లో ఇనుముతో సెయ్యనివి రెండే. ఇడ్లీలూ, నానూ" అని నాతో అనేవారు.

పెళ్ళికి ముందు నేను బడిలో లెక్కల టీచర్ని. ఇక్కడికి వచ్చాక ఆ పని పోయింది. ఇక్కడి బడుల్లో హిందీ కావాలి, నా హిందీ వింటే ఎదురింటి భాభీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఏడాది పైగా ఊరికే ఇంట్లో కూర్చున్నాను. నలుగురు పిల్లలకి పాఠం చెప్పకుండా గడిచిన రోజు నాకు రోజులాగే ఉండదు, ఏం చేయమంటారు! ఆఖరికి కంప్యూటర్ ద్వారా పాఠాలు చెప్పించే ఒక సంస్థ పిలిచింది. ఆంధ్రాలో తెలుగు మీడియం చదివే పదో తరగతి పిల్లలకి, నేను భిలాయిలో కూర్చుని లెక్కలు చెప్పాలి. మొదటి నెల పరీక్షగా చూస్తామన్నారు. పాఠం మధ్యలో తెగిపోతుంటే మాత్రం కుదరదని ముందే చెప్పారు. మళ్ళీ టీచర్ననిపించుకోవడానికి నాకు మిగిలిన దారి అదొక్కటే.

ముందు గదిలో టీవీ, మావయ్య స్నేహితులు, బయట ఆటోల రొద. అందుకని పాఠానికి వెనక గది ఎంచుకున్నాం. కేబులాయన వచ్చి వైఫై పెట్టాడు. తీగ వీధి వైపు నుంచి వస్తుంది కాబట్టి, సిగ్నల్ పంచే ఆ తెల్ల డబ్బాని, అదే రౌటరుని, ముందు గదిలో గుమ్మం పక్కన మేకుకి తగిలించి వెళ్ళిపోయాడు. సిగ్నల్ వెనక గదికి వచ్చేసరికి కొంచెం నీరసపడినా, పాఠానికి సరిపోయేది.

మావయ్య దాని కింద నిలబడి చాలాసేపు చూశారు.

"అంత సామాను గోడకి ఇలగ బోసిగా ఏలాడతాదేటి? దుమ్ము పడదా? బల్లి దూరదా? ఎవుడైనా పీక్కుపోతే?"

"ఎవరూ పీక్కుపోరు నాన్నా" అన్నారు మా ఆయన.

"నీకు తెల్దు, ఉండు."

స్నేహితుడి వెల్డింగు షాపులో కూర్చుని ఒక ఇనుప పెట్టె చేసుకొచ్చారు. ఎంత అందంగా చేశారో చెప్పలేను. గాలి ఆడటానికి పక్కన సన్నటి చీలికలు, ముందు చిన్న తలుపు, తలుపుకి తాళం. మొత్తానికి వెండి రంగు. తలుపు కీళ్ళని కావాలనే కాస్త వాలుగా అతికారు. "తీసి మర్సిపోయినా దానంతట అదే మూసుకోవాల. పనంటే అదీ" అని, తెరిచి వదిలి చూపించారు. తలుపు తనంతట తానే వచ్చి 'టక్'మని పడింది. అత్తయ్య దానికి బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. రౌటరు పెట్టెలోకి వెళ్ళింది. తాళంచెవి మావయ్య మొలతాడుకి చేరింది. వీధిలో వాళ్ళంతా వచ్చి చూశారు. ఎదురింటి భాభీ అయితే, "అరే వాహ్ బాబూజీ! మేరే లియే భీ బనా దో" అంది. వారం తిరక్కుండా వాళ్ళ వైఫైకీ ఒక పెట్టె అమరింది. ఆ పక్కింటికి ఇంకొకటి.

అక్కడి నుంచి మొదలయ్యాయి నా కష్టాలు.

"టీచర్, మీరు నోరు తెరిచి ఆగిపోయారు" అనేవాళ్ళు పిల్లలు. ఇంకేం చెప్తాను త్రికోణమితి? తిరిగి మొదలుపెట్టేసరికి సగం మంది వెళ్ళిపోయి ఉండేవాళ్ళు. నేను కేబులాయనకి ఫోను చేసి అరిచేదాన్ని. అతను వచ్చి బయట స్తంభం దగ్గర ఏదో చూసి, "సిగ్నల్ తో ఫుల్ హై, దీదీ" అని వెళ్ళిపోయేవాడు. మా ఆయన పెద్ద ప్లాను వేయించారు. మార్పేమీ లేదు. ఎదురింటి భాభీ కూడా తన వైఫైని, కేబులాయన్ని కలిపి తిట్టడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్ళూ అంతే. మా మూడిళ్ళలోనూ సిగ్నల్ లేదు, ఏ ఒక్కరూ పెట్టె వంక చూడరు. ఇనుము పెట్టిన అన్నం తిన్న ఊరు కదా, ఇనుముని ఎవరు అనుమానిస్తారు?

ఒకరోజు సాయంత్రం నాలుగింటి పాఠం చెప్తుంటే ఉన్నట్టుండి పిల్లల ముఖాలు కడిగినట్టు తేటగా కనిపించాయి. మాట ఎక్కడా తెగలేదు. వాళ్ళకో లెక్క ఇచ్చి మంచినీళ్ళకని బయటికి వస్తే, ముందు గదిలో మావయ్య ఇనుప స్టూలెక్కి, ఎడం చేత్తో పెట్టె తలుపు పట్టుకుని, కుడిచేత్తో తువ్వాలుతో రౌటరు తుడుస్తున్నారు. తుడవడం అయింది, దిగారు. తలుపు 'టక్'మంది. నేను వెనక్కి వచ్చేసరికి పిల్లలందరూ బొమ్మల్లా ఆగిపోయి ఉన్నారు.

ఓరి దేవుడా అనుకున్నాను. అనుమానం తీరక మర్నాడు పాఠం మొదలవగానే, "మావయ్యా, ఆ పెట్టెలో బల్లి దూరినట్టుంది, చూస్తారా?" అని కేకేశాను. ఆయన స్టూలెక్కి తలుపు తీయగానే పిల్లలు కదిలారు. ఇంక అనుమానమేముంది? అది తెల్ల డబ్బాకి ఇల్లు కాదు, జైలు!

వంటింట్లో అత్తయ్య చెవిలో వేశాను.

"ఏటి! ఆ పెట్టా?" అని కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత ముఖం మారిపోయింది. నా చెయ్యి పట్టుకున్నారు. "నువ్వు సెప్పకమ్మా. నానూ సెప్పను. రిటైరయ్యాక ఆయనకి పనే నేదు. ఇన్నాళ్ళకి వీధంతా మెచ్చుకున్న పని అది. ఆయన అలగ నవ్వడం సూసి ఎన్నాళ్ళయిందో."

"మరి నా పాఠాలు, అత్తయ్యా?"

"బల్లి ఉంది కదేటి" అన్నారు.

అలా మా ఇంట్లో లేని బల్లి ఒకటి పుట్టింది. రోజూ నాలుగింటికి పెట్టెలో ఏదో ఒకటి అయ్యేది. ఒకరోజు బల్లి, ఒకరోజు దుమ్ము, ఒకరోజు చీమలు. "ఇదిగో, మీ పెట్లో ఏదో సప్పుడౌతంది" అని అత్తయ్య వంటింట్లోంచే అరిచేవారు. మావయ్య గొణుక్కుంటూ స్టూలెక్కేవారు. మొదట్లో కాసేపే తుడిచేవారు. రోజులు గడిచే కొద్దీ ఆ తుడవడం సాగింది. కొన్నాళ్ళకి పిలవాల్సిన అవసరమే లేకపోయింది. నాలుగయ్యేసరికి టీవీ ఆపేసి, తువ్వాలు భుజాన వేసుకుని, తనే స్టూలెక్కేవారు. పాఠం అయ్యేదాకా దిగేవారు కాదు. అసలే మోకాళ్ళ నొప్పులు. శుభ్రం పిచ్చి ముదిరింది కాబోలు అనుకున్నాం మేమిద్దరం.

నెలాఖరున సంస్థవాళ్ళు నా పాఠం కూర్చుని చూస్తామన్నారు. ఉంచుకోవడమో, పంపించేయడమో ఆ రోజే తేలుతుంది. ముందు రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. పొద్దున్న లేచి ముందు గదిలోకి వస్తే, మావయ్య గోడకున్న బోల్టులు విప్పుతున్నారు. పెట్టె కింద నేల మీద ఉంది.

"ఏటి అలగ సూత్తావు?" అన్నారు వెనక్కి తిరక్కుండానే. "స్టూలు మీద నిలబడి మోకాళ్ళు పీకేత్తన్నాయి. అయినా రోజూ నాలుగింటికే దూరతాదేటమ్మా? బల్లికి కూడా టైంటేబులుంటాదా?"

వంటింటి గుమ్మంలో అత్తయ్య గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు.

"మీకు తెలుసా మావయ్యా?"

"మీ బల్లి వచ్చిన మొదటి వారమే తెల్సింది. తలుపు మూత్తే నీ గొంతు ఆగిపోతంది, తీత్తే సాగతంది. ఆమాత్రం తెల్దా నాకు?"

"మరి చెప్పలేదేం?"

ఆయన స్టూలు దిగి, దాని మీదే కూర్చున్నారు. "నువ్వు సెప్తావని సూసినాను. మీ అత్త సెప్తాదని సూసినాను. నా ముచ్చట సెడకూడదని ఇద్దరూ కలిసి బల్లిని పెంచినారు. నా కోసం మీరంత సేత్తే, నీ కోసం నాను ఆ తలుపు పట్టుకోనేనేటి?"

నేను ఏడ్చేశాను. దాచుకోవడం నాకు రాదు. ఆయన కంగారుపడి, "అరే, రోనా నహీ. ఈయేళ పరీచ్చ కదా నీకు. చలో, పనుంది" అని లేచారు.

ఆ పూటంతా ఇల్లు తిరగేశాం. మావయ్య నా ఫోను హారతిపళ్ళెంలా రెండు చేతుల్లో పట్టుకుని గదిగదికీ తిరిగారు. "ఇక్కడ రెండు గీతలు... ఇక్కడ మూడు... ఓర్నాయనో, ఈ బీరువా ఎనకాల ఒక్కటీ నేదు!" ముందు గదికీ వెనక గదికీ సరిగ్గా అడ్డంగా ఉన్న ఇనుప బీరువాని మా ఆయనా మావయ్యా కలిసి పక్కగోడకి జరిపారు. కేబులాయన్ని పిలిపించి, తీగ పొడిగించి, రౌటరుని ఇంటి నడిమధ్య, నడవలో, తల కంటే ఎత్తున పెట్టాలని తేల్చారు. పెట్టడానికి ఒక అర కావాలి. మా ఆయన ఇనుప అర తెస్తే వద్దని చెయ్యి ఊపారు. "దీనికి ఇనుము వద్దు" అన్నారు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ఇంట్లో చెక్క ఎక్కడుంది? అందరం వెతికాం. ఆఖరికి అత్తయ్య అటక మీంచి గుడ్డలో చుట్టిన ఒక పీట దింపించారు. వాళ్ళ పెళ్ళి పీట. అంచున పసుపు మరక ఇంకా ఉంది.

"దాని మీద ఈ డబ్బానా?" అన్నారు మావయ్య.

"మనిద్దరినీ మోసింది. దీన్ని మొయ్యనేదా?" అన్నారు అత్తయ్య.

పీటకి నాలుగు మూలలా నైలాను తాడు కట్టి వేలాడదీశారు. రౌటరుకి కొమ్ముల్లా ఉన్న రెండు యాంటెన్నాల్లో ఒకదాన్ని నిటారుగా, ఒకదాన్ని పక్కకి తిప్పి, నన్ను వెనక గదిలోకి పంపి, "ఎన్ని?" అని అరిచారు. "నిండా ఉన్నాయి మావయ్యా!" అని నేనూ అరిచాను. నాలుగింటికి పాఠం మొదలైంది. అయ్యేవరకు ఒక్కసారి కూడా తెగలేదు. ఆ పని నాకు దక్కింది. ఇప్పటికీ అదే చేస్తున్నాను.

తర్వాత ఆయన ఊరుకున్నారా? తను చేసిన పెట్టెలన్నీ తనే ఊడదీయడానికి బయల్దేరారు. ఎదురింట్లో, "గల్తీ మేరా హై, బేటీ. లోహా అచ్ఛా హై, మగర్ యహాఁ నహీ" అని, తప్పు తనదేనని, ఇనుము మంచిదే గానీ ఇక్కడ పనికిరాదని ఒప్పుకున్నారు. మొహమాటం లేదు, నామోషీ లేదు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఎవరికి సిగ్నల్ రాకపోయినా మావయ్యే వెళ్ళేవారు. ఊళ్ళోనే సుపేలా పేటలో, మా ఆయన స్నేహితుడి ఆఫీసులో ఫైళ్ళ బీరువా వెనక నేల మీద పడి ఉన్న రౌటరుని చూసి, అక్కడ పనిచేసేవాళ్ళందరినీ చీవాట్లు పెట్టి, సమోసాలు తిని వచ్చారు. ఆయన ఎక్కడికెళ్ళినా చెప్పే మాట ఒకటే. "దాన్ని మూల కూకోబెట్టీకండి. ఇంటి పెద్దలాగ నడిమింట, ఎత్తుమీద కూకోబెట్టండి. అప్పుడు అందరికీ మాట వినిపిత్తాది." పెద్ద ప్లాను వేయించుకుంటామన్నవాళ్ళతో, "ముందు సోటు మార్చి సూడండి. డబ్బులు తర్వాత తగలెయ్యొచ్చు" అనేవారు. ఇది చదువుతున్నవాళ్ళు మీ ఇంట్లో ఆ డబ్బా ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. పక్కన బీరువా గానీ, నీళ్ళ ట్యాంకు గానీ, పెద్ద అద్దం గానీ ఉంటే ఆయన ఒప్పుకునేవారు కాదు.

మరి మా పెట్టె ఏమైందంటారా? అత్తయ్య తీసుకున్నారు. భిలాయి-3లో ఉన్న వాళ్ళ చెల్లెలు ఫోను పట్టుకుంటే వదలదు. ఆవిడతో మాట్లాడే ఓపిక లేనప్పుడు అత్తయ్య ఫోను ఆ పెట్టెలో పెట్టి తలుపు వేసేస్తారు. "సూసినావా, నా పని ఏదీ దండగ అవదు" అని మావయ్య మురిసిపోయేవారు.

ఈ ఏడాది ఆయన నీరసించిపోయారు. మంచం నడవలోకి, పెళ్ళి పీట కిందికి మార్చమన్నారు. గాలి బాగా వస్తుందని చెప్పారు గానీ, నాకు తెలుసు, అక్కడికి నా పాఠం వినిపిస్తుంది. లెక్కలు ఆయనకి అర్థమయ్యేవి కావు. పిల్లల గొంతులు మాత్రం అన్నీ గుర్తుపట్టేవారు. నేను గదిలోంచి రాగానే, "ఆ మెల్లగా మాటాడే గుంట ఈయేళ జవాబు సెప్పిందా?" అని అడిగేవారు. చెప్పిందంటే ఆ పూట టీలో పంచదార తక్కువైనా ఏమీ అనేవారు కాదు. ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్తూ కూడా, "నాలుగింటి కిలాసు మాననీకు" అన్నారు. అందుకే ఆ రోజు నేను ఇంట్లో, ఆ గదిలో ఉన్నాను.

కర్మలన్నీ అయ్యాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. మళ్ళీ పాఠం మొదలుపెట్టే రోజు వచ్చింది. చెప్పగలనా అని భయం వేసింది. కంప్యూటరు తెరిచాను. "నమస్తే టీచర్" అన్నారు పిల్లలంతా. ఆ మెల్లగా మాట్లాడే అమ్మాయి గొంతు కూడా వినిపించింది. పాఠం మొదలుపెట్టాను. కాసేపటికి వాళ్ళకో లెక్క ఇచ్చి, మంచినీళ్ళకని లేచాను.

నడవలో అత్తయ్య ఇనుప స్టూలెక్కి ఉన్నారు. ఒక చేత్తో పక్కనున్న ద్వారబంధం పట్టుకుని, ఇంకో చేత్తో మావయ్య తువ్వాలుతో రౌటరు తుడుస్తున్నారు. దాని మీద దుమ్మేమీ లేదు.

"దిగండత్తయ్యా, పడిపోతారు" అన్నాను. "ఇప్పుడు ఆ డబ్బాకి తలుపు లేదు కదా, పట్టుకోవడానికి."

"నేదని తెల్సు" అన్నారు నా వంక చూడకుండా. "నాలుగయింది. నువ్వెల్లి పాఠం సెప్పుకో."

వెళ్ళి కూర్చున్నాను. పిల్లలు ఒక్కొక్కరే జవాబులు చెప్తున్నారు. తెరిచి ఉన్న గది తలుపులోంచి ఆ తువ్వాలు అంచు పాఠం అయ్యేదాకా కదులుతూనే ఉంది.